మహామహోపాధ్యాయ పాండురంగ వామన కాణే

భారత ప్రభుత్వము 1954వ సంవత్సరము జనవరి 2వ తేదీన భారతరత్న పురస్కారమును నెలకొల్పెను. ఆ యేట దానిని పొందినవారు చక్రవర్తి రాజగోపాలాచారిగారు, సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు, చంద్రశేఖర వేంకటరామన్ గారు. అది మొదలు నేటివరకు ఆ గౌరవము నందినవారి పట్టికను చదివినచో అందు రాజ్యతంత్రజ్ఞులు మిక్కిలిగాను, విజ్ఞానశాస్త్రవేత్తలు, సంగీతవిద్వాంసులు, లోకసేవకులు తగుపాటిగాను కానవత్తురు. తెలుగువారిలో వరాహగిరి వేంకటగిరిగారు 1975లోను, పాములపర్తి వేంకట నరసింహారావుగారు మరణానంతరము 2024లోను ఆ పట్టికలో చేరిరి. అయితే మఱియొక హేతువు లేకుండ, కేవలము సంస్కృత శాస్త్రగ్రంథములయందు చేసిన పరిశ్రమకే ఆ గౌరవము దక్కినవారెవరని యడిగినచో, నాకు తోచినంతలో ఒక్క పేరే చెప్పవలసియున్నది. 1963లో నాటి ఉపరాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారితోపాటు భారతరత్నమైన పాండురంగ వామన కాణేగారే వారు. మన ప్రాచ్యకళాశాలలలో వారి ధర్మశాస్త్ర చరిత్రమును పేరుచేతనైన ఎఱుగనివారు లేరు. అది యెట్లు పుట్టినదో, దానిని వ్రాసినవారి బ్రదుకెట్టిదో ఎఱిగినవారు మాత్రము తక్కువ.

కాణేగారు 1880వ సంవత్సరము మే 7వ తేదీన కొంకణమునందలి రత్నగిరి మండలములో, చిప్లూణ్ చేరువనున్న పరశురామ గ్రామమున మేనమామల యింట జన్మించిరి. చిత్పావన బ్రాహ్మణ వంశము. తండ్రి వామన శంకర కాణేగారు దాపోలీ పట్టణమున వకీలు. బాలుడు చదివినది పాఠశాలలో కాదు, దాపోలీలోని క్రైస్తవ మిషను ఉన్నత పాఠశాలలో. 1897లో మెట్రిక్యులేషన్ పరీక్ష యందుత్తీర్ణులై బొంబాయి చేరి విల్సన్ కళాశాలలో ప్రవేశించిరి. 1901లో బి.ఏ., 1903లో ఎం.ఏ. పట్టములను పొందిరి. సంస్కృతమున భావూ దాజీ బహుమానము, వేదాంతమున జాలా బహుమానము వారివే. నడుమ న్యాయశాస్త్రపు తొలి పరీక్షయు ముగించిరి. సంస్కృతము, న్యాయవాదము అను రెండు త్రోవలు ఆనాడే వారి యెదుట పరచుకొనియుండెను. రెంటిని కలుపు తావొకటి కలదని వారికప్పటికి తెలిసియుండదు.

1904 నుండి మూడేండ్లు రత్నగిరిలోను, పిమ్మట బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలోను ప్రభుత్వోపాధ్యాయులుగ పనిచేసిరి. ఆ దినములలోనే ఇతిహాసములయందలి ఆర్యుల ఆచారవ్యవహారములను గూర్చియు, అలంకారశాస్త్ర వాఙ్మయచరిత్రమును గూర్చియు రెండు వ్యాసములు వ్రాసి, వరుసగ 1905, 1906 సంవత్సరములలో మండలిక్ స్వర్ణపతకమును రెండుమారులు గెలుచుకొనిరి. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో కొంతకాలము తాత్కాలికముగ సంస్కృతము బోధించిరి. ఆ స్థానము స్థిరపడునని తలచియుందురు. అది తమకంటె ఉద్యోగమున చిన్నవారికి దక్కెను. 1911లో కాణేగారు ప్రభుత్వోద్యోగమును విడిచి బొంబాయి హైకోర్టున న్యాయవాదవృత్తిలో ప్రవేశించిరి. మఱుసటి యేడే హిందూ మహమ్మదీయ ధర్మశాస్త్రములు విషయములుగ ఎల్.ఎల్.ఎం. పరీక్షయు నెగ్గిరి. ఆనాటి పక్షపాతము వలన కళాశాల యొక మంచి యాచార్యుని కోల్పోయెను. ఆయన ఆచార్యపీఠముననే యుండియుండినచో ధర్మశాస్త్ర చరిత్రము ఈ రూపమున వెలువడెడిది కాదని నా యభిప్రాయము. ఇది ఆ యన్యాయమును సమర్థించుట కాదు.

అలంకారశాస్త్రమున వారు చేసిన పని ముందుగ చెప్పదగినది. విశ్వనాథుని సాహిత్యదర్పణమునందలి ప్రథమ, ద్వితీయ, దశమ పరిచ్ఛేదములను వివరణముతో 1910లో ప్రకటించిరి. దానికి ఉపోద్ఘాతముగ చేర్చిన అలంకారవాఙ్మయ చరిత్రము కాలక్రమమున పెరిగి పెద్దదై, 1951 నాటికి సంస్కృత కావ్యశాస్త్ర చరిత్రమను పేర ప్రత్యేక గ్రంథమయ్యెను. భరతుడు మొదలు జగన్నాథ పండితరాయల వఱకు ఆలంకారికుల కాలములను, గ్రంథములను, పరస్పరసంబంధములను అందు నిర్ణయింపజూచిరి. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రయశోభూషణము, వెలనాటి వంశజుడైన పండితరాయల రసగంగాధరము అందు చర్చకు వచ్చుటచే తెలుగు విద్యార్థికి ఆ గ్రంథము పరాయిదిగ తోచదు. బాణుని కాదంబరీ హర్షచరితములకు, భవభూతి ఉత్తరరామచరితమునకు వారు వ్రాసిన టిప్పణములు ఇప్పటికిని అధ్యాపకుల బల్లలపై కానవచ్చును. కావ్యమును బోధించువాడు పదమునకు అర్థము చెప్పి ఊరకుండరాదు, ఆ పదము వెనుకనున్న ఆచారము నెఱుగవలెనన్న పట్టుదల ఆ టిప్పణములలో పుటపుటను కనబడును.

1917 నుండి 1923 వఱకు బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలలో ఆచార్యత్వము వహించుచునే హైకోర్టు వృత్తిని సాగించిరి. ఆ కాలమున హిందూ వ్యవహారములందు ప్రాంతమునొక గ్రంథము ప్రమాణముగ నుండెడిది. మన దక్షిణదేశమున మితాక్షరతోపాటు స్మృతిచంద్రిక, పరాశరమాధవీయము, సరస్వతీవిలాసము గౌరవింపబడెడివి. గుజరాతునందును, బొంబాయి ద్వీపమునందును, ఉత్తర కొంకణమునందును పదునేడవ శతాబ్దినాటి నీలకంఠభట్టు రచించిన వ్యవహారమయూఖమునకు అధికారమెక్కువ. దాయభాగపు తగవు వచ్చినప్పుడెల్ల న్యాయాధిపతులకు అదే శరణ్యము. కాని దానికి నమ్మదగిన పరిష్కృతప్రతి కొఱవడియుండెను. సంస్కృతము, న్యాయశాస్త్రము రెండును చేతనున్నవాడు తప్ప ఆ పనికి తగడు. కాణేగారు పెక్కు వ్రాతప్రతులను పోల్చిచూచి, విపులమైన టిప్పణములతో దానిని 1926లో వెలువరించిరి.

ఆ గ్రంథమునకు ఉపోద్ఘాతముగ ధర్మశాస్త్రగ్రంథముల పుట్టుపూర్వోత్తరములను సంగ్రహముగ చెప్పవలెనని వారు మొదట సంకల్పించిరి. నీలకంఠుడు పేర్కొన్న యొక్కొక్క గ్రంథకర్త కాలమును తేల్చుటకు మఱి నలుగురి గ్రంథములు వెదకవలసివచ్చెను. ఉపోద్ఘాతము ఉపోద్ఘాతముగ నిలువక వేఱు గ్రంథమయ్యెను. పుణ్యపట్టణమందలి భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థ దానిని 1930లో ధర్మశాస్త్ర చరిత్రము ప్రథమ సంపుటముగ ప్రచురించెను. అందు ధర్మసూత్రములు మొదలు అర్వాచీన నిబంధముల వఱకు గ్రంథకర్తల చరిత్రము, చివర వేలకొలది గ్రంథముల పేర్లతో నొక పట్టిక కలవు. మన కేతన తెనుగు చేసిన విజ్ఞానేశ్వరీయమునకు మూలమైన మితాక్షరను గూర్చిన ప్రకరణము తెలుగు పరిశోధకులు తప్పక చదువదగినది.

వాఙ్మయచరిత్ర ముగిసినది, విషయచరిత్ర మిగిలినది. 1941లో రెండవ సంపుటము రెండు భాగములుగ వెలువడెను. వర్ణాశ్రమములు, సంస్కారములు, ఆహ్నికము, దానము, ప్రతిష్ఠ, శ్రౌతయజ్ఞములు అందలి విషయములు. 1946లో వచ్చిన మూడవ సంపుటము రాజధర్మమునకు, వ్యవహారమునకు, సదాచారమునకు సంబంధించినది. 1953 నాటి నాల్గవదానియందు పాతకములు, ప్రాయశ్చిత్తములు, ఆశౌచము, శ్రాద్ధము, తీర్థయాత్ర కలవు. 1956లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందినది ఈ సంపుటమే. ఐదవదాని తొలిభాగము వ్రతోత్సవ కాలనిర్ణయములతో 1958లోను, మలిభాగము శాంతులు, పురాణములు, తంత్రములు, మీమాంసా సాంఖ్యాది దర్శనములతో 1962లోను ముగిసెను. మొత్తము ఇంచుమించు 6,500 పుటలు. తొలి సంపుటము వచ్చునాటికి వారికి ఏబది యేండ్లు. తుది భాగము నాటికి ఎనుబది రెండు. యౌవనము నుండియు జఠరవ్యాధి వారిని బాధించుచుండెను. పగలు కక్షిదారుల వ్యవహారములు, మిగిలిన ప్రొద్దున గ్రంథరచన. ఇంత పని నలువురు పండితులను కూర్చుకొని చేయించినది కాదు.

ఇక్కడ మా పాఠశాలల సంగతి కొంత చెప్పక తప్పదు. కాణేగారికి భారతరత్నము వచ్చిన యేట నేను పాఠశాలలో కౌముది వల్లించు బాలుడను. కొన్నేండ్లకు ధర్మశాస్త్రము మొదలుపెట్టినప్పుడు నిర్ణయసింధువు, ధర్మసింధువు మాకు ప్రమాణములు. ఏకాదశీవిద్ధ యెట్లు, ఆశౌచసంకరము వచ్చినప్పుడు ఏది ప్రబలము అనునవి మేము నేర్చినవి. ఈ నియమము ఏ శతాబ్దిలో పుట్టినది, దీనికి ముందేమి యుండెను అను ప్రశ్న మాకు తట్టలేదు. తట్టినను అడుగుట అవినయము. మా గురువులు కాణేగారి పాండిత్యమును మెచ్చుకొనుచునే, అది ఇంగ్లీషువారి పద్ధతియని ఒక్కమాటతో దానిని ప్రక్కకు నెట్టెడివారు. ధర్మమునకు చరిత్ర యున్నదనుట ధర్మమునకు పుట్టుకయు చావును కట్టబెట్టుటయే కదా యని వారి భయము. ఆ భయము నిరాధారమని నేను కొట్టివేయజాలను. నాకును చిరకాలము అదే యుండెను.

నా యభిప్రాయము మార్చినవి రెండవ సంపుటమునందలి విధవాధర్మ ప్రకరణము, మూడవ సంపుటపు చివరనున్న కలివర్జ్య ప్రకరణము. వితంతువునకు శిరోముండనము శాస్త్రవిధియని మన పెద్దలు నమ్మిరి. దేశమున ఎన్నియో యిండ్లలో పదియేండ్లు నిండని బాలికలకు సైతము అది జరిగెను. కాణేగారు ఆ యాచారమునకు మూలమేదియని వెదకిరి. గృహ్యసూత్రములు చూచిరి, ధర్మసూత్రములు చూచిరి, మను యాజ్ఞవల్క్యులను చూచిరి. వారు విధవకు బ్రహ్మచర్యమును, నియమమును విధించిరే కాని ముండనము విధింపలేదు. దానికి ఆధారముగ చూపు వాక్యములు స్కాందపురాణమునందలి కాశీఖండము వంటి యనంతరకాలపు తావులలో కనబడునవి. ఆచారము మెల్లమెల్లగ బలపడి తుదకు అనాదిగ తోచినదని వారు తేల్చిరి. ఈ తీర్మానము గ్రంథమునకు మాత్రమే పరిమితము కాలేదు. శిరోముండనము లేని బ్రాహ్మణ వితంతువునకు పండరీపుర విఠ్ఠలుని సేవించు నధికారము కలదని న్యాయస్థానమున వాదించినవారును కాణేగారే. మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిన 1881వ సంవత్సరమునాటికి కాణేగారు ఏడాది బాలుడు. పంతులుగారు స్మృతివాక్యములతో శాస్త్రులతో పోరాడిరి. కాణేగారు ఆ వాక్యములకు వయస్సు నిర్ణయించిరి. పోరాటము రెంటను ఒక్కటియే యైనను సాధనములు వేఱు.

కలివర్జ్య ప్రకరణము ఇంకను లోతైనది. పూర్వయుగములందు ధర్మ్యమై కలియందు విడువదగినవని నిబంధకారులు నియోగమును, మధుపర్కమున గోవధను, దీర్ఘకాల బ్రహ్మచర్యమును, మఱికొన్నింటిని పరిగణించిరి కదా. ఆ పట్టిక యెట్లు పెరిగినదో కాణేగారు గ్రంథములను కాలక్రమమున నిలిపి చూపిరి. శ్రుతిస్మృతులలో స్పష్టముగ చెప్పబడినదానిని లోకము రోసినప్పుడు శాస్త్రకారులే విడిచిరి. విడుచుటకొక పేరు పెట్టిరి. అనగా ధర్మమునకు చరిత్రము తెచ్చిపెట్టినది పాశ్చాత్య పద్ధతి కాదు, నిబంధకారులే దానిని లోపల దాచియుంచిరి. ఈ ప్రకరణమును చదివిన పిమ్మట మా గురువుల భయము నాలో సన్నగిల్లెను. వారు జీవించియుండగా ఈ మాట వారితో చెప్పలేకపోతినను కొఱత మాత్రము మిగిలినది.

కాణేగారు పాఠశాలా పండితులను దూరముంచిరన్నది అపోహ. శ్రౌతప్రకరణములు వ్రాయునప్పుడు వాయీ క్షేత్రమునందలి కేవలానంద సరస్వతీస్వామివారి సాహాయ్యమును పొందినట్లు వారే ముఖతః ప్రకటించుకొనిరి. దర్శపూర్ణమాసముల ప్రయోగము పుస్తకము చూచి తెలియునది కాదని వారికి తెలియును. ధర్మనిర్ణయమండలమున సంప్రదాయ శాస్త్రులతో కలిసి కూర్చుండి కాలోచితములైన మార్పులను శాస్త్రదృష్టితో విమర్శించిరి. లుప్తమైన కాత్యాయన స్మృతినుండి వ్యవహారవిషయక శ్లోకములను నిబంధములలో చెదరియున్నవానిని ఏరి కూర్చి 1933లో ప్రకటించుట మఱియొక సాహసము. ఒక్కొక్క శ్లోకమునకు అపరార్కమును, స్మృతిచంద్రికను, వివాదరత్నాకరమును గాలించిన ఆ యోపికను పాఠశాలలో చదివినవాడే సరిగ గుర్తింపగలడు.

వారి నిర్ణయములన్నియు నిలిచినవని చెప్పను. ధర్మసూత్రకారులలో గౌతముని ప్రాచీనతముడని కాణేగారు తలచిరి. తరువాతి పరిశోధకులలో ఓలివెల్ ప్రభృతులు ఆపస్తంబునికే ప్రాథమ్య మిచ్చిరి. ఆపస్తంబసూత్రీయులే యధికముగనున్న మన దేశమున ఈ చర్చ యెవరును చేపట్టకుండుట విచారకరము. తంత్రములను గూర్చిన ప్రకరణమున వారికి విషయముపై సానుభూతి తక్కువ. వామాచారమును నిందించుటలో చూపిన యుత్సాహము శ్రీవిద్యాసంప్రదాయమును అర్థముచేసికొనుటలో చూపలేదని నాకు తోచును. అధస్సూచికలు మూలమును మ్రింగివేయుచుండును. విషయము పునరుక్తమగుటయు కలదు. అయినను పుటకు పది ప్రమాణములు చూపువాడు తనను ఖండించుటకు కావలసిన సామగ్రిని తానే చదువరి చేతికిచ్చుచున్నాడు. ఈ గుణము మన వ్యాసములలో ఎంతమాత్ర ముండుచున్నదో యెవరికివారు చూచుకొనవలెను.

గౌరవములు వరుసగ వచ్చెను. 1942లో మహామహోపాధ్యాయ బిరుదము. 1946లో నాగపురమున అఖిలభారత ప్రాచ్యవిద్యాపరిషత్తున కధ్యక్షత. 1947 నుండి 1949 వఱకు బొంబాయి విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షపదవి. ప్యారిస్, ఇస్తాంబుల్, కేంబ్రిడ్జి నగరములలో జరిగిన ప్రాచ్యవిద్వత్సభలలో భారతదేశ ప్రాతినిధ్యము. 1959లో జాతీయాచార్య పదవి. 1953లో వాల్తేరున జరిగిన భారతీయ చరిత్ర సభలకు వారే సర్వాధ్యక్షులు. ఆ యేటనే రాష్ట్రపతి వారిని రాజ్యసభకు నామనిర్దేశము చేసిరి. 1955లో హిందూ వివాహచట్టము, 1956లో వారసత్వచట్టము ఆమోదము పొందునప్పుడు, మయూఖ మితాక్షరల దాయభాగమునకు భాష్యము చెప్పినవారు ఆ సభలో సభ్యులుగ నుండిరి. తాము జీవితమంతయు వివరించిన వ్యవహారభాగము వారి కన్నులముందే చరిత్రగ మారినది. చివరి సంపుటమున రాజ్యాంగమును గూర్చి ప్రస్తావించుచు, అది ప్రజలకు హక్కులను చెప్పినంతగ కర్తవ్యములను చెప్పలేదని వారు ఆక్షేపించిరి. ప్రాథమిక కర్తవ్యములు రాజ్యాంగమున చేరినది 1976లో. అప్పటికి కాణేగారు లేరు.

భారతరత్నము వచ్చునాటికి వారికి 83వ యేడు నడుచుచుండెను. రాష్ట్రపతి పీఠమున నున్నవారు రాధాకృష్ణ పండితులు, తొలియేట అదే పురస్కారము పొందినవారు. ఆ పతకము రావి యాకు ఆకారమున నుండును. ఒకవైపు సూర్యబింబము, దేవనాగరిలో పురస్కారము పేరు, మఱియొకవైపు రాజముద్ర. దానితోపాటు ధనమేమియు నీయరు. విచిత్రమేమనగా, పరాయి ప్రభుత్వమిచ్చిన మహామహోపాధ్యాయ శబ్దమును లోకము నేటికిని వారి పేరునకు ముందుంచి వ్రాయుచున్నది. స్వతంత్రభారత మిచ్చిన భారతరత్న శబ్దమును అట్లు వ్రాయరాదు. రాజ్యాంగము 18వ అధికరణము బిరుదములను నిషేధించుటయే యందులకు కారణము. పురస్కారము బిరుదము కాదనియు, పేరునకు చేర్చి వాడరాదనియు సర్వోన్నత న్యాయస్థానము 1995 డిసెంబరులో తీర్పు చెప్పెను. శబ్దము నేపథ్యమును ఎఱిగిన కాణేగారికి ఈ భేదము రుచించియుండునని నేననుకొందును.

పురస్కారము వచ్చినది, గ్రంథము ముగిసినది. పిమ్మట విశ్రమింపవచ్చును. కాణేగారు మొదటి సంపుటమును మరల చేతబట్టిరి. 1930 తరువాత వెలువడిన గ్రంథములు, క్రొత్తగ దొరకిన ప్రతులు, తమ నిర్ణయములపై వచ్చిన యాక్షేపములు అన్నియు చూచి దానిని తిరుగవ్రాయ మొదలిడిరి. పెరిగిన గ్రంథము రెండు భాగములు చేయవలసివచ్చెను. మొదటి భాగము 1968లో, వారి 88వ యేట వెలువడెను. 1972లో వారు పరమపదించిరి. రెండవ భాగము 1975లో అచ్చయినది.